తిరిగొచ్చే దారి చూసి గది తీసుకోండి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. మీరు ఐదుగురు హైదరాబాదు నుంచి విశాఖపట్నంలో మూడు రోజుల కచేరీలకి వస్తున్నారని, రుషికొండలో సముద్రం కనిపించే గది దొరికింది, అడ్వాన్సు కట్టేయమంటావా అత్తయ్యా అని అడిగావు. ఇంకా కట్టకపోతే ఆగు.

సంగీత సభవాళ్ల తరఫున పక్కవాద్యాల వాళ్లకి బస చూసే పని చాన్నాళ్లు నా మీదే ఉండేది కదా. గదిలో టీవీ ఉందా, కిటికీలోంచి ఏం కనిపిస్తుంది అని వాళ్లలో ఎవరూ అడిగేవారు కాదు. కచేరీ అయ్యాక గదికి ఎలా చేరతాం, ఆ వేళకి గేటు తీస్తారా అనే అడిగేవారు. రోజూ ఊళ్లు తిరిగేవాళ్లకి తెలుసు మరి. వేదికకి వెళ్లడం ఎవరికైనా సులువే, పగలు బస్సులున్నాయి, ఆటోలున్నాయి. రాత్రి పదిన్నరకి మృదంగం వాళ్ల తనియావర్తనం, మంగళం అన్నీ అయ్యి హాలంతా ఒక్కసారే రోడ్డు మీదకి వచ్చినప్పుడు ఉంటుంది అసలు తంటా.

మీకు కచేరీలు రెండు రోజులు కళాభారతి హాల్లో, ఆఖరి రోజు ఆర్కే బీచ్‌లో అన్నావు. కళాభారతి పిఠాపురం కాలనీలో ఉంది, మద్దిలపాలెం పక్కనే. ఎక్కడి నుంచి లెక్కేసినా రుషికొండ ఎనిమిది, పది కిలోమీటర్లు. పగలైతే 900కె బస్సు ఎక్కి బీచ్ రోడ్డు చూసుకుంటూ హాయిగా వెళ్లొచ్చు. రాత్రి బస్సులు పలచబడతాయి. క్యాబ్ యాప్ తెరిస్తే మామూలు రేటుకి రెట్టింపు చూపిస్తుంది, అదీ దొరికితే. మీ స్నేహితురాలి వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులంటున్నావు. ఆవిణ్ణి ఆ వేళప్పుడు రోడ్డు మీద నిలబెడతావా? అంత సరదాగా ఉంటే కచేరీలన్నీ అయ్యాక ఒక రోజు అక్కడ ఉండండి.

నా మాట విని సిరిపురం, ఆశీలుమెట్ట, రామ్‌నగర్, ద్వారకానగర్, ఈ చుట్టుపక్కల చూడండి. సిరిపురం నుంచి ఇటు కళాభారతి, అటు బీచ్ రెండూ రెండు మూడు కిలోమీటర్లలో అయిపోతాయి. గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా కూడా సిరిపురంలోనే ఉన్నాయి కాబట్టి ఆఖరి నిమిషంలో వేదిక అటు మార్చినా మీకు ఇబ్బంది లేదు. ఎంవీపీ కాలనీ, చినవాల్తేరు వైపు ఇళ్లలో గెస్ట్‌హౌసులు నడుపుతున్నారు. ఐదుగురు కాబట్టి వంటిల్లున్న రెండు గదుల ఫ్లాటు దొరికితే లాడ్జీ కంటే అదే నయం, పెద్దావిడకి కాస్త జావైనా కాచివ్వొచ్చు. జగదాంబ, డాబాగార్డెన్స్‌లో లాడ్జీలు చవక. కానీ రోడ్డు వైపు గది ఇస్తే హారన్ల మోతకి నిద్ర ఉండదు, వెనకవైపు గది కావాలని ముందే చెప్పు.

యాప్‌లో బుక్ చేసినా ఆ లాడ్జీకి ఒకసారి ఫోన్ చెయ్యి. లిఫ్టు ఉందా, పని చేస్తోందా అని విడివిడిగా అడుగు. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, వేడినీళ్లు ఎప్పుడిస్తారు, గది లెక్క ఇరవై నాలుగు గంటలా లేక మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండా? ఇది తేల్చుకోకుండా గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి తెల్లారేసరికి లాడ్జీకి వెళ్తే, పన్నెండు దాకా రిసెప్షన్ సోఫాలో కూర్చోబెడతారు, లేకపోతే సగం రోజు అద్దె అదనంగా లాగుతారు. ఐదుగురి ఆధార్ కార్డులూ తెచ్చుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతమే. పాత అలవాటులో 12 వేస్తే బిల్లు చూపించి అడుగు, మొహమాటపడకు.

రైలు సంగతి. ఇప్పుడు రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారు, మునుపటిలా నాలుగు నెలలు కాదు. డిసెంబరు శని ఆదివారాలకి అరకు వెళ్లేవాళ్లు, బెంగాల్ నుంచి వచ్చేవాళ్లు అంతా పోటీకి ఉంటారు, తెరిచిన రోజే కొట్టెయ్యండి. వందేభారత్‌లు రెండున్నాయి. సికింద్రాబాద్‌లో తెల్లవారుజామున ఐదు దాటగానే బయల్దేరేది మధ్యాహ్నం రెండింటికల్లా ఇక్కడ దింపుతుంది. గది సిద్ధంగా ఉంటుంది, కాసేపు నడుం వాల్చి సాయంత్రం కచేరీకి వెళ్లొచ్చు. మధ్యాహ్నం బయల్దేరేది ఇక్కడికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది, అది మీకొద్దు.

టిక్కెట్టు మీద స్టేషన్ పేరు కూడా చూసుకోండి. హౌరా, చెన్నై మధ్య తిరిగే బండి విశాఖపట్నం స్టేషన్‌లోకి వస్తే ఇంజను అటు నుంచి ఇటు మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ బెడద లేకుండా కొన్ని బళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడలోనే ఆగి వెళ్లిపోతాయి. దువ్వాడలో దిగితే గాజువాక, ఎన్‌ఏడీ ట్రాఫిక్కు అంతా ఈదుకుంటూ రావాలి. సామాన్లతో ఐదుగురు ఒక ఆటోలో పట్టరు కూడా.

ఊళ్లో తిరగడానికి కాంప్లెక్సు, అదే ద్వారకా బస్ స్టేషన్, గుర్తు పెట్టుకుంటే చాలు. మద్దిలపాలెం నుంచి అక్కడికి బస్సులకి కొదవ లేదు. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం ఇక్కడా ఉంది గానీ అది ఆంధ్ర చిరునామా ఉన్న కార్డులకే. మీవి హైదరాబాదు కార్డులు కాబట్టి టిక్కెట్టు కొనాల్సిందే. కండక్టరుతో వాదన పెట్టుకోకు, అది నీకు అలవాటు.

బీచ్ రోజు మాత్రం పద్ధతి మార్చాలి. పెద్ద కార్యక్రమమైతే బీచ్ రోడ్డు మీదకి బళ్లను రానివ్వరు. జనం అంతా కురుసుర సబ్‌మెరైన్ దగ్గర, కాళీమాత గుడి దగ్గర నిలబడి ఫోన్లలో క్యాబుల కోసం వెతుకుతూ ఉంటారు. మీరు అక్కడ నిలబడకండి. పాండురంగాపురం డౌన్, అదే ఆ ఏటవాలు రోడ్డు, ఎక్కి పైకి వచ్చేస్తే ఆటోలు దొరుకుతాయి. ఆ ఎత్తు పెద్దావిడకి కష్టం. ఆఖరి పాట వదులుకుని ఆవిడతో ఒకరు ముందుగా బయల్దేరండి, ఎవరో ఇప్పుడే వంతులు వేసుకోండి, అక్కడ గొడవలొద్దు. నేవీ విన్యాసాలు బీచ్‌లో పెడితే వాటి రిహార్సల్ రోజుల్లో కూడా రోడ్డు మూసేస్తారు, డిసెంబరు మొదటి వారమైతే పేపరు చూస్తూ ఉండు. మురీ మిక్చర్ తినండి, నీళ్లలో పాదాలు తడుపుకోండి, అంతకు మించి లోపలికి దిగొద్దు. ఆర్కే బీచ్ అలలు లోపలికి గుంజుతాయి, ఈత వచ్చినవాళ్లే పోయారు.

కచేరీ ముగిశాక భోజనం దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి, ఐదింటికే టిఫిన్ చేసి వెళ్లండి.

తిరుగు రైలు ఆఖరి రోజు రాత్రికే పెట్టుకోవద్దు. పాడేవాళ్లకి ఊపొస్తే గడియారం చూడరు, నువ్వు మధ్యలో బ్యాగు తగిలించుకుని లేవాలి. మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి వందేభారత్ ఉంది, రాత్రికి ఇంట్లో ఉంటారు. ఆ పొద్దుట మా ఇంటికి వచ్చి నాలుగు ఇడ్లీలు తిని వెళ్లండి. దిగడానికైతే ఇల్లు చిన్నదన్నావు, తినడానికి చాలదా?

గది ఏదైనా సరే, ముందురోజు దాకా రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చేదే తీసుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుపాను కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇక్కడ కరెంటు, ఫోన్లు, బళ్లు అన్నీ ఆగిపోయాయి. అలాంటిది ప్రతి ఏడూ రాదు గానీ, ఒక మోస్తరు వాయుగుండానికే బీచ్‌లో వేదిక ఎత్తేస్తారు.

వందేభారత్‌లో దొరక్క గోదావరికే వస్తే పెద్దావిడకి కింది బెర్తు పడిందో లేదో చూసి చెప్పు. సిరిపురంలో నాకు తెలిసిన రెండు లాడ్జీల వాళ్లని ఈ వారంలో అడిగి అద్దెలు నీకు రాస్తాను.

ఉంటాను,
అత్తయ్య