గోదావరి గట్టు మీద పార్కు గీసేముందు

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

రాజమండ్రి రేవుకి నువ్వు గీసిన డ్రాయింగు చూశాను. ముచ్చటగానే ఉంది, కానీ అందులో గోదావరి ఏ నెలలో ఉందో తెలియలేదు. ప్లాను పక్కన పెట్టి ముందు సెక్షన్ గియ్యి. గట్టు మీది రోడ్డు నుంచి వేసవి నీటి అంచు దాకా అడ్డంగా కోసినట్టు చూపించి, దాని మీద మూడు వరద హెచ్చరికల మట్టాలకీ మూడు గీతలు పెట్టు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. అవి బ్యారేజీ దగ్గర గేజి లెక్కలు, నీ మెట్ల మీద కొలతలు కావు. నీ రేవు ఎగువన ఉంది కాబట్టి అక్కడ నీటిమట్టం ఇంకాస్త ఎత్తులో ఉంటుంది. ఇరిగేషన్ ఆఫీసులో 1986 ఆగస్టు, 2022 జూలై వరదల మట్టాలు అడిగి సరిచూసుకో.

మొదటి గీతకి కింద మెట్లు, పట్టుకోవడానికి గొలుసులు తప్ప ఏమీ వద్దు. దాని పైన మూడో గీత వరకూ మునిగినా చెడిపోని రాతి అరుగులు, గడ్డి చాలు. కరెంటు ప్యానెళ్ళు, మరుగుదొడ్లు ఆ మూడో గీతకి పైనే ఉండాలి.

అసలు తంటా వరద తీశాక మొదలవుతుంది. మెట్ల మూలల్లో, బెంచీల కింద ఒండ్రు పేరుకుపోతుంది. నీరు తగ్గుతున్నప్పుడే పైనుంచి ఒక్కో మెట్టూ కడుక్కుంటూ దిగితే అది నదిలోకే జారిపోతుంది. రెండు రోజులు ఎండ కాసిందా, ఇక గునపాలు పట్టాల్సిందే. అందుకని గట్టు పైన నీళ్ళ గొట్టం తగిలించే పాయింట్లు పెట్టు. తోపుడుబండి దిగేంత ర్యాంపు ఉంచు. ప్రతి మెట్టుకీ నది వైపు కాస్త వాలు ఇవ్వు. నువ్వు చూపించిన చెక్కుడు గూళ్ళు, గుండ్రటి పూలతొట్లు తీసెయ్యి. అవన్నీ ఒండ్రు దాచుకునే చోట్లు. పాలిష్ గ్రానైట్ కూడా వద్దు. పాచి పట్టిన రాయి మీద తడికాళ్ళతో ముసలమ్మ దిగుతుంది, గుర్తుంచుకో.

మన ఊరి ఘాట్లన్నీ పడమటి ముఖం. మే నెలలో సాయంత్రం నాలుగింటికి కొవ్వూరు వైపు నుంచి ఎండ సూటిగా కొడుతుంది, నెత్తిన కప్పు ఒక్కటే వేస్తే లాభం లేదు. కానుగలూ వేపలూ పెట్టు, కానీ గట్టు వాలు మీద కాదు, దాని వెనక ఊరి వైపు. రావి వేళ్ళు రాతి కట్టుని ఎలా విడదీస్తాయో పాత గోడ ఏదైనా చూస్తే తెలుస్తుంది. త్వరగా పెరుగుతుందని ఎవరైనా కోనోకార్పస్ మొక్కలు తెస్తే వెనక్కి పంపించెయ్యి.

అహ్మదాబాద్‌లో సబర్మతి నదికి కట్టినట్టు నిలువు గోడలు కట్టి పైన వాకింగ్ ట్రాక్ వెయ్యమని ఒత్తిడి వస్తుంది. అక్కడ నిండుగా కనిపించే నీళ్ళు నర్మదా కాలువవి. మనకి వరదొచ్చే నది ఉంది, దాని దారి దానికి వదలాలి. ఊళ్ళో మురుగు నల్లా ఛానల్‌లో, ఆవ ఛానల్‌లో పడి గోదావరికి చేరుతుంటే పైన ఫౌంటెన్లు ఎందుకో నాకర్థం కాదు. ఆ డబ్బు శుద్ధికి అడుగు, ఇవ్వకపోయినా సరే అడుగు.

2027 పుష్కరాలకి అందించాలని అందరికీ తొందర. 2015 జూలై 14న పుష్కర ఘాట్ తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. దిగే దారీ ఎక్కే దారీ వేరుగా, వెడల్పుగా గియ్యి. అయితే పుష్కరం పన్నెండు రోజులే. మిగతా పన్నెండేళ్ళూ అక్కడుండేది జాలర్లు, బట్టలుతికేవాళ్ళు, పిండాలు పెట్టించే పంతుళ్ళు, పూలమ్మేవాళ్ళు. నీ డ్రాయింగులో వాళ్ళెవరూ లేరు. తెల్లవారుజామున వెళ్ళి ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, పడవలు ఎక్కడ కడుతున్నారో గుర్తులు వేసుకో. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదులు స్నానాల మెట్లకి ఎంత దూరమో అడుగులేసి కొలువు.

సవరించిన సెక్షన్ పంపు. రంగుల బొమ్మలు తర్వాత చూస్తాను.

నీ మావయ్య