20 వేలలో ఎలక్ట్రిక్ గిటార్: ముందు నెక్ చూడు, తర్వాతే పికప్

తమ్ముడూ, ఎలక్ట్రిక్ గిటార్ల పికప్, అంటే తీగల కింద ఉండి సౌండ్ పట్టే ముక్క, హంబకర్ రకం తీస్కోవాల్నా సింగిల్ కాయిల్ రకం తీస్కోవాల్నా అని అడిగినవు, బడ్జెట్ 20 వేలు, చేతులు చిన్నవి కాబట్టి సన్న నెక్కే (చేత్తో పట్టుకునే పొడుగాటి భాగం) కొనమని ఫ్రెండ్స్ అంటున్నరు అని కూడా రాసినవు. నా మాట అయితే ఈ రేటులో ముందు నెక్ చూడు, పికప్ రెండోది. పికప్ నచ్చకపోతే రేపు ఇంకోటి వేయించుకోవచ్చు, అసలు మార్చకుండ స్క్రూ తిప్పి ఎత్తు అడ్జస్ట్ చేసినా సౌండ్ చాలా మారుతది, కానీ నెక్ చేతికి కుదరకపోతే ఆ గిటార్ మూలకు పడి ఉంటది అంతే. నేను సికింద్రాబాద్‌ల చర్చిలో ఆదివారాలు వాయిస్తా, నేర్చుకునే పిల్లలకు గిటార్ ఇప్పియ్యడానికి వాళ్ల అమ్మానాన్నలతో షాపులకు పోతుంటా, ఆ అనుభవంతోనే చెప్తున్న.

చిన్న చేతులకు సన్న నెక్ అనేది అందరికీ నిజం కాదు. మా చర్చిల ఒక అమ్మాయి ఉంది, చేతులు నిజంగనే చిన్నవి, సన్నగ చదునుగ ఉన్న నెక్ మీద వాయిస్తే కాసేపటికే బొటనవేలు కింద కండ పట్టేసేది. వెనకాల కొంచెం గుండ్రంగ నిండుగ ఉండే సి షేప్ నెక్ ఇస్తే అరచేతికి ఆనింది, నొప్పి తగ్గింది. ఇంకొకరికి దీనికి పూర్తిగ ఉల్టా ఉండొచ్చు. చెప్పులు కొన్నట్టే ఇది, పక్కోడి సైజు నీకు పనికిరాదు, వేసుకొని నడిచి చూడాల్సిందే.

నిజంగ చిన్న చేతులకు తేడా తెలిసేది లావు కంటే స్కేల్ లెంగ్త్‌లోనే, అంటే మోగే తీగ పొడుగులోనే అని నా నమ్మకం. ఫెండర్ కంపెనీ టైప్ గిటార్లల్ల 25.5 ఇంచులు ఉంటది, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ టైప్‌లో 24.75. ముప్పావు ఇంచే కదా అనుకుంటవు గానీ మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దగ్గర ఎఫ్ బార్ కార్డ్, అంటే ఒక్క వేలితో తీగలన్నీ అదిమి పట్టే కార్డ్ పడితే తెలుస్తది, చిన్న స్కేల్‌ల ఫ్రెట్లు దగ్గరగ ఉంటయి, అదే గేజ్ (మందం) స్ట్రింగ్స్ వేసినా కొంచెం వదులుగ అనిపిస్తయి, బెండ్ కొట్టడం, అంటే తీగను పక్కకు నెట్టి స్వరం పెంచడం సులువు. ఆ తర్వాత రేడియస్, అంటే ఫ్రెట్‌బోర్డ్ ఎంత వంపుగ ఉంది అని, నంబర్ తక్కువైతే వంపు ఎక్కువ. పాత కాలం ఫెండర్లల్ల 7.25 ఇంచులు, అది కార్డ్స్‌కు హాయిగ ఉంటది గానీ యాక్షన్ (తీగల ఎత్తు) తక్కువ పెట్టి పైన పెద్ద బెండ్ కొడితే నోట్ మధ్యలనే చచ్చిపోతది. ఇప్పుడు వచ్చే స్క్వయర్ (ఫెండర్ వాళ్ల చవక బ్రాండ్) గిటార్లల్ల ఎక్కువగ 9.5 ఉంటది, యమహా పసిఫికాలో ఇంకా చదునుగ 13.75. మన పాటల్లో గమకాలు, జారుళ్లు వాయించాలనుకుంటే చదునుగ ఉన్నదే తీస్కో. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారైతే మాండలిన్‌కు ఉండే జత తీగలు వద్దనుకొని 5 ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన్రు, అంటే వాయిద్యమే ఆయన చేతికి తగ్గట్టు మారింది, మనం కనీసం చేతికి తగ్గది ఎంచుకోవాలె కదా.

షాపుల ముందు యాంప్‌కు (గిటార్ స్పీకర్ డబ్బా) పెట్టకుండనే వాయించు. ఎఫ్ కార్డ్ పట్టు, తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర సన్న తీగ బెండ్ చెయ్యి, తర్వాత చెయ్యిని నెక్ అంచు వెంట కిందికీ పైకీ జరిపి చూడు. ఫ్రెట్ చివర్లు రంపంలాగ గీరుకుంటే జాగ్రత్త. మన దగ్గర ఏప్రిల్ మే ఎండలకు గాలి పొడిబారి చెక్క కొంచెం ముడుచుకుపోతది, లోహం ముడుచుకోదు కాబట్టి ఫ్రెట్ కొసలు బయటికి పొడుచుకొస్తయి, ఏసీ షోరూంల ఉంచినా అంతే. ఆకురాయితో సాపు చేస్తే పోతది, ఆ పని కొనేముందే వాళ్లతోనే చేయించు. ఇంకొకటి, తీగలు తుప్పు పట్టి ఎత్తుగ ఉంటే నెక్ మంచిగ లేదని వదిలెయ్యకు, అది సెటప్ సమస్య, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే ఇనుప కడ్డీ) ఒక పావు తిప్పి, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దించితే సాధారణంగ సరిపోయే పని. నెక్ షేప్, వెడల్పు, రేడియస్ మాత్రం సెటప్‌తో మారవు.

ఇక పికప్. సింగిల్ కాయిల్‌ల ఒకే తీగ చుట్ట ఉంటది, సౌండ్ తేటగ, పదునుగ వస్తది, కీబోర్డ్, డోలక్, పది గొంతుల మధ్యల కూడా కార్డ్ విడివిడిగ వినిపిస్తది. కానీ కరెంట్ హమ్ (జుయ్‌మనే గోల) లాగుతది. 1955లో గిబ్సన్ ఇంజనీర్ సెత్ లవర్ హంబకర్ చేసిందే దీనికోసం, రెండు చుట్టలు ఉల్టా పెడితే హమ్ ఒకదాన్నొకటి కొట్టేస్తయి, సౌండ్ కూడా లావుగ వస్తది, డిస్టార్షన్‌కు (రాక్ పాటల్లో వచ్చే బరబర సౌండ్) బాగుంటది. మన ఇళ్లల్ల ఈ హమ్ సంగతి చిన్నది కాదు. సింగిల్ కాయిల్ గిటార్ పట్టుకొని ఫ్యాన్ కింద కూర్చొని, గోడకున్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ తిప్పి చూడు, చాలాసార్లు తిప్పుతుంటే యాంప్‌ల జుయ్‌మనే సౌండ్ మారుతది. నువ్వు కూర్చున్న చోటే కొంచెం పక్కకు తిరిగితే తగ్గుతది కూడా. అపార్ట్‌మెంట్ల రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో గెయిన్ (డిస్టార్షన్ పెంచే నాబ్) పెట్టి వాయించేవాడివైతే బ్రిడ్జ్ దగ్గర హంబకర్ ఉండాల్సిందే. ఎట్లైనా ప్లగ్ పాయింట్‌కు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపియ్యి, రెండు పిన్నుల అడాప్టర్‌తో యాంప్ నడపకు.

అందుకే మొదటి గిటార్‌కు నేను హెచ్‌ఎస్‌ఎస్ అనే చెప్తా, బ్రిడ్జ్‌ల హంబకర్, మధ్యలో, నెక్ దగ్గర సింగిల్ కాయిల్స్. యమహా పసిఫికా 012 అట్లనే వస్తది, పికప్‌లల్ల ఉండేవి చవక రకం సిరామిక్ మాగ్నెట్లే గానీ నేర్చుకునే వయసుల అది అడ్డం కాదు. స్క్వయర్‌ల కూడా హెచ్‌ఎస్‌ఎస్ మోడల్స్ ఉన్నయి. యాంప్‌కు పెట్టినప్పుడు షాపాయన డిస్టార్షన్, రివర్బ్ (గుడిలో మారుమోగినట్టు) లాంటి ఎఫెక్ట్స్ వేసి ఇస్తడు, అన్నీ తీసెయ్యమను, వట్టి క్లీన్ సౌండ్ మీద ఒక్కో పికప్ విను, వాల్యూమ్ నాబ్ సగానికి తగ్గించి చూడు, అక్కడ సౌండ్ మరీ దుప్పటి కప్పినట్టు అయితదా లేదా అని. స్విచ్ మార్చేటప్పుడు చిటపట వస్తే ఇంకో పీస్ అడుగు, అదే మోడల్‌ల రెండు పీస్‌లు కూడా నెక్ దగ్గర తేడాగ ఉంటయి కాబట్టి ఎట్లైనా రెండూ పట్టుకొని చూడు. ఆన్‌లైన్‌ల వంద రూపాయలు తక్కువ అని ముట్టుకోకుండ ఆర్డర్ పెట్టకు. మొత్తం 20 వేలు గిటార్‌కే పెట్టెయ్యకుండ చిన్న యాంప్‌కు, కొత్త స్ట్రింగ్స్‌కు, ఒక మంచి సెటప్‌కు కొంత పక్కన పెట్టుకో, బిల్లు కట్టే ముందే సెటప్‌ను గిటార్ రేటులోనే కలిపి చేసిస్తరా అని అడుగు, అడిగితే చాలామంది చేసిస్తరు.