సంగీత సందేహాలు: చర్చికీ పెళ్లి పందిరికీ ఒకే గిటారు

ప్రశ్న: నాది స్టీలు తీగల డ్రెడ్‌నాట్ (పెద్ద పెట్టె) గిటారు, పికప్ (గిటారు మోతను కరెంటు సంకేతంగా మార్చి స్పీకర్లకు పంపేది) లేదు. ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. పెళ్లిళ్ల రోజుల్లో డ్రమ్స్, కీబోర్డు ఉన్న ఆర్కెస్ట్రాతో వెళ్తాను. అప్పుడప్పుడు గోపాల్‌పూర్ హోటళ్లలో ఒక్కణ్నే వాయిస్తూ పాడతాను. ఇన్నాళ్లూ ముందు మైకు పెట్టి నెట్టుకొచ్చాను. మూడు చోట్లకీ పనికొచ్చే పికప్ ఏది?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఈ మూడింట్లో గిటారుకు కష్టమైన చోటు పెళ్లి స్టేజీ. అక్కడ నిలబడేదాన్ని ముందు ఖాయం చేసుకోండి, చర్చి, హోటలు దాని వెంట సర్దుకుంటాయి. ఇంట్లో విని మురిసిపోయి కొన్న పికప్, పక్కన డ్రమ్స్ మొదలయ్యేసరికి కూత (స్పీకరు మోతే మళ్లీ పికప్‌లోకి వచ్చి పుట్టే ఫీడ్‌బ్యాక్) పెట్టడం మామూలే.

బ్రిడ్జికి (పెట్టె మీద తీగలు బిగిసే చెక్క ముక్కకు) సరిగ్గా కింద, పెట్టె లోపలివైపు అతికించే బిళ్లల రకం ఒకటుంది. కె అండ్ కె ప్యూర్ మినీ అలాంటిదే. గిటారు సొంత గొంతుకు ఇది బాగా దగ్గరగా ఉంటుంది, బ్యాటరీ కూడా అక్కర్లేదు. కానీ అది వినేది పై పలక కదలికను. తీగ కదిపినా, స్పీకరు మోత కదిపినా దానికి ఒకటే. స్టేజీ మీద మానిటర్ (వాయించేవాళ్ల వైపు తిప్పిన స్పీకరు) పెంచితే కూత వస్తుంది. హోటల్లో ఒక్కరే వాయించేవాళ్లకైతే మొదట ఇదే చెబుతాం, మీకు మాత్రం వద్దు.

సౌండ్‌హోల్‌కు (పెట్టె మీది గుండ్రటి కన్నానికి) బిగించే మాగ్నెటిక్ రకం కూతను బాగా తట్టుకుంటుంది. ఫిష్‌మన్ రేర్ ఎర్త్ ఈ కోవలోది. శాడిల్ (బ్రిడ్జి గాడిలో తీగలను మోసే సన్న పట్టీ) జోలికి పోనక్కర్లేదు, కావాలంటే తీసేయొచ్చు. అయితే ఫాస్ఫర్ బ్రాంజ్ తీగల్లో అయస్కాంతానికి అందేది ముఖ్యంగా లోపలి ఉక్కు తీగ, పైన చుట్టింది కాదు. అందుకే చుట్ట లేని బి తీగ, సన్న ఇ తీగ ముందుకొచ్చి మోగుతాయి, లావు తీగలు వెనకబడతాయి. సర్దుకునే స్క్రూలున్న పికప్ అయితే బి తీగ కింది స్క్రూను కాస్త దించాలి. ఎంత సర్దినా గొంతులో ఎలక్ట్రిక్ గిటారు ఛాయ కొంత మిగులుతుంది. ఒంటరి పాటలో అది తెలిసిపోతుంది.

మీకు మా సలహా శాడిల్ కింద పెట్టే పియెజో (ఒత్తిడిని కరెంటు సంకేతంగా మార్చే పికప్). లోపల ప్రీయాంప్ (ఆ బలహీన సంకేతాన్ని పెంచేది) ఉన్నదే తీసుకోండి. ఎల్.ఆర్. బ్యాగ్స్ ఎలిమెంట్, ఫిష్‌మన్ మేట్రిక్స్ రెండూ ఈ పనికి నిలిచినవే. దానితోపాటు సౌండ్‌హోల్‌ను మూసే రబ్బరు మూత ఒకటి కొనండి, పెళ్లి స్టేజీ మీద మూత పెట్టి వాయించండి. పికప్ వినేది శాడిల్‌ను కాబట్టి మూత పెట్టినా స్పీకర్లలో వచ్చే గొంతు పెద్దగా మారదు. గట్టిగా కొట్టినప్పుడు ఈ రకం ప్లాస్టిక్ చప్పుడు చేస్తుందన్న ఫిర్యాదు నిజమే. 1.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గిస్తే చాలావరకు మెత్తబడుతుంది. లోపల మైకు కూడా ఉండే జంట పికప్‌లు ఖరీదెక్కువ. పెళ్లిలో ఆ మైకును ఎలాగూ కట్టేయాలి. ఆ డబ్బు మంచి డీఐ బాక్సుకు (గిటారు సంకేతాన్ని మిక్సర్‌కు సరిపడేలా మార్చే పెట్టెకు) పెట్టడం మేలు.

ప్రశ్న: శాడిల్ కింద పికప్ బిగించుకున్నాను. అన్ని తీగలూ బాగానే ఉన్నాయి, సన్న ఇ తీగ మాత్రం సగం కూడా వినపడటం లేదు. పికప్ పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: పికప్‌ను అనుమానించే ముందు శాడిల్ అడుగు చూడండి. ఈ రకం పికప్ ఒత్తిడి మీద బతుకుతుంది. శాడిల్ అడుగు ఎక్కడ తేలితే అక్కడి తీగ మూగబోతుంది. గాడిలో చిన్న చెక్క పొట్టు మిగిలినా చాలు.

తీగలు వదులు చేసి శాడిల్ పైకి లాగండి. వేళ్లతో రావాలి. పట్టకారు పెడితే గానీ రాలేదంటే అది గాడి గోడలకు ఇరుక్కుని ఉందన్నమాట, తీగల బరువు పికప్ దాకా దిగడం లేదు. అప్పుడు శాడిల్ పక్కలను కొద్దికొద్దిగా అరగదీయండి. అలాగని అటూ ఇటూ ఊగేంత వదులు చేయకూడదు, ముందుకు వాలిపోతుంది.

తర్వాత అడుగు. 220 నంబరు గరుకు కాగితాన్ని అద్దం ముక్క మీద అతికించండి. శాడిల్ అడుగంతా పెన్సిల్‌తో గీసి, నిలువుగా ఉన్న చెక్క దిమ్మకు ఆనించి నాలుగుసార్లు రుద్దండి. చెక్క ఆసరా లేకుండా చేత్తో రుద్దితే అడుగు గుండ్రబడుతుంది, ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. పెన్సిల్ గీతలు మిగిలిన చోటు పల్లం. అవి అన్నిచోట్లా ఒకేసారి చెరిగితే అడుగు చదునైనట్టు. గాడి అడుగు కూడా చదునుగా ఉండాలి. పొడి బ్రష్‌తో దుమ్ము తీసి, పికప్ తీగ దిగే కన్నం అంచు పైకి లేచి ఉందేమో చూడండి. ఆ కన్నం నిటారుగా ఉంటే పికప్ మూల దగ్గర వంగి శాడిల్‌ను ఎత్తేస్తుంది. కన్నాన్ని కాస్త ఏటవాలుగా మలిస్తే సరిపోతుంది. మీ సన్న ఇ తీగ ఆ కన్నం వైపే ఉంటే మా అనుమానం ముందు దీని మీదే.

సరిగా మోగని తీగ కింద, శాడిల్ అడుగున కాగితం ముక్క దూర్చమని చెప్పేవాళ్లుంటారు. దానితో ఆ తీగ లేచి పక్క తీగ పడిపోతుంది.

కొత్తగా బిగించుకునేవాళ్లకు రెండు మాటలు. శాడిల్ గాడి వెడల్పు సాధారణంగా 2.4 లేదా 3.2 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలిచి, సరిపడే పికప్‌కే ఆర్డరు పెట్టండి. పికప్ మందం ఎంతో శాడిల్ అడుగు నుంచి అంతే తీయాలి, లేకపోతే తీగలు ఎత్తుగా నిలిచి వేళ్లు నొప్పెడతాయి. గిటారు అడుగున జాక్ కోసం దాదాపు 12 మిల్లీమీటర్ల కన్నం కావాలి. మామూలు డ్రిల్ బిట్ చెక్కను కొరికి అంచు పెచ్చులు లేపుతుంది. మాస్కింగ్ టేపు వేసి రీమర్‌తో మెల్లగా పెద్దది చేయించండి.

ప్రశ్న: నా పికప్‌కు బ్యాటరీ లేదు. నేరుగా మిక్సర్‌కు పెడితే గిటారు రేకుడబ్బాలా మోగుతోంది. ఇంట్లో గిటారు యాంప్‌కు పెడితే బాగుంది. జనరేటర్ మీద నడిచే చోట జుమ్మనే మోత కూడా ఉంటోంది.
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మీ పికప్‌కు సరిపడటం లేదు. ప్రీయాంప్ లేని పియెజో ఒక చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తుంది. ఉదాహరణకు అది 1 నానోఫారడ్ అనుకుందాం. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ నిరోధం 10 కిలో ఓమ్‌లైతే దాదాపు 16,000 హెర్ట్జ్‌కు దిగువనున్నదంతా తగ్గిపోతూ వస్తుంది. 1 మెగా ఓమ్ అయితే ఆ గీత 160 హెర్ట్జ్‌కు, 10 మెగా ఓమ్‌లైతే 16 హెర్ట్జ్‌కు దిగుతుంది. గిటారు లావు ఇ తీగ 82 హెర్ట్జ్. లావు తీగలు ఎక్కడ పోతున్నాయో అర్థమైందిగా. మీ యాంప్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ చుట్టుపక్కల ఉండి ఉంటుంది, అందుకే ఇంట్లో బాగుంది.

కనుక 1 నుంచి 10 మెగా ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న అకూస్టిక్ ప్రీయాంప్ లేదా యాక్టివ్ (కరెంటుతో నడిచే) డీఐ కొనండి. కొనేముందు ఆ అంకె చూడండి. మామూలు పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ ఇక్కడ చాలదు. గిటారు నుంచి డీఐకి 3 మీటర్లు మించని కేబుల్, అక్కణ్నుంచి మిక్సర్ దాకా ఎంత దూరమైనా మైకు కేబుల్ వేయండి. చిన్న మిక్సర్లలో 48 వోల్టుల ఫాంటమ్ (మైకు కేబుల్ ద్వారా మిక్సర్ ఇచ్చే కరెంటు) ఉండకపోవచ్చు కాబట్టి బ్యాటరీతో కూడా నడిచే డీఐ తీసుకోండి.

మోతకు ముందు డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట (కేబుల్‌లోని ఎర్త్ లింకును తెంచేది) నొక్కి చూడండి. యాంప్ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా విరగ్గొట్టకండి. మోత పోవచ్చు, కానీ ఎక్కడైనా లోపముంటే తీగల్లోకి, మైకులోకి కరెంటు వచ్చి ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: జి, ఎ స్వరాల దగ్గరే గిటారు గుమ్మని కూత పెడుతుంది. మిగతా చోట్ల బాగుంటుంది. ఎందుకని?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: డ్రెడ్‌నాట్ పెట్టెలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర సొంతంగా మోగుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీది జి 98 హెర్ట్జ్, ఓపెన్ ఎ తీగ 110. రెండూ సరిగ్గా దాని పక్కనే ఉన్నాయి. ముందు సౌండ్‌హోల్‌కు మూత పెట్టండి, సగం తగ్గుతుంది. తగ్గకపోతే ప్రీయాంప్ మీది ఫేజ్ మీట (సంకేతాన్ని తలకిందులు చేసేది) మార్చండి. ఇంకా ఉంటే నాచ్ ఫిల్టర్‌ను (ఒక్క సన్నని స్వరపు పట్టీనే తగ్గించేదాన్ని) 90 నుంచి 120 హెర్ట్జ్ మధ్య మెల్లగా తిప్పుతూ, కూత ఆగిన చోట వదిలేయండి. సౌండ్ అతను బేస్ అంతా తీసేస్తానంటే మానిటర్ వరకే తీయమనండి. జనం వినే స్పీకర్లలో అది ఉండాలి.

ప్రశ్న: నైలాన్ తీగల గిటారుకు సౌండ్‌హోల్ మాగ్నెటిక్ పికప్ పెట్టొచ్చా? 9 వోల్టుల బ్యాటరీ రెండు కచేరీలకే అయిపోవడం మామూలేనా?
– ఒక పాఠకుడు, బల్లార్షా

జవాబు: పెట్టకూడదు, నైలాన్‌కు అయస్కాంతం పలకదు. పియెజోనే వాడండి. బ్యాటరీ సంగతి మామూలు కాదు. జాక్‌లో కేబుల్ దూర్చగానే లోపలి ప్రీయాంప్ మొదలవుతుంది, వాయించకపోయినా నడుస్తూనే ఉంటుంది. కచేరీ అయ్యాక కేబుల్‌ను గిటారు వైపు నుంచి పీకేయండి.