జూలై 26 వస్తే మా ఇంట్లో గొడవే

ప్రశ్న: మా అన్నయ్య 1999లో కార్గిల్‌లో చనిపోయాడు, అప్పటికి తనకి 22. ఊరి సెంటర్‌లో విగ్రహం పెట్టారు, ఏటా జూలై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజు, దండలు, స్పీచ్‌లు. నాన్న తప్పకుండా వెళ్తారు. అమ్మ మాత్రం రెండేళ్లుగా రానంటోంది, "స్కూలెగ్గొట్టి చెరువుకి పోయిన నా కొడుకు గురించి ఒక్కడూ చెప్పడు, వాళ్లు చెప్పేవాడు ఎవడో నాకు తెలీదు" అంటుంది. నాన్న పరువు పోయిందని మాటలు మానేశారు. అమ్మని ఎలా ఒప్పించాలి? ఇంకోటి, నాకు అన్నయ్య గొంతు గుర్తు రావట్లేదు, ఏదో పాపం చేసినట్టుంది.

జవాబు: ఒప్పించే పని పెట్టుకోకండమ్మా. అది మొండితనం కాదు. పాతికేళ్లు దాటినా మైకులో "నవ్వుతూ ప్రాణాలిచ్చాడు" అనే మాటే వినాలంటే ఏ తల్లికైనా కష్టమే, ఆ కొండల మీద ఏం జరిగిందో ఆ మాట్లాడేవాళ్లు చూశారా ఏంటి, ఆవిడ చూసింది చెరువు నుంచి తడి బట్టలతో వచ్చినవాణ్ణి.

అలాగని నాన్నగారిదీ తప్పు కాదు. ఇంట్లో ఏడుపులొస్తాయని కొడుకు పేరు ఎవరూ ఎత్తరేమో, ఆయనకి ఆ పేరు నలుగురి నోటా వినపడేది ఆ ఒక్క గంటే కావచ్చు. దాన్ని భార్యే కాదంటున్నట్టు తోస్తోంది, అందుకే ఆ కోపం. ఈసారి మీరు ఆయనతో వెళ్లండి, అమ్మని ఇంట్లో ఉండనివ్వండి, ఎవరైనా అడిగితే ఒంట్లో బాలేదు లాంటి సాకులు వద్దు, రాలేదు అంతే. వీలైతే కమిటీ వాళ్లకి ముందే అరపేజీ రాసివ్వండి, అందులో చెరువు సంగతి కూడా ఉండాలి, అక్కడ నిలబడే స్కూలు పిల్లలు 1999కి పుట్టనేలేదు, వాళ్లకి అదే గుర్తుంటుంది.

అసలు పని ఇంట్లో ఉంది. అన్నయ్య రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఉంటాయి కదా, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీఓ అనో అడ్రస్ ఉండేవి. ఇంక్ వెలిసిపోకముందే ఫోన్‌తో ఫొటోలు తీసేయండి, లామినేషన్ మాత్రం చేయించకండి, కాయితం పాడైపోతుంది. అన్నయ్య పుట్టినరోజున అమ్మ పక్కన కూర్చుని ఒక్కోటీ చదివి వినిపించి, ఆవిడ చెప్పేదంతా రికార్డ్ చేయండి. నాన్నగారిని పిలవద్దు, తలుపు తీసి ఉంచండి చాలు.

గొంతు విషయం, ఇన్నేళ్లకి అందరికీ అంతే, అందులో పాపమేం లేదు. పెళ్లిళ్ల వీడియో క్యాసెట్లు చుట్టాలిళ్లలో ఉంటాయి, అడగండి.

ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర 2019 ఫిబ్రవరిలో నేషనల్ వార్ మెమోరియల్ తెరిచారు, 25 వేలకి పైగా పేర్లు గ్రానైట్ మీద చెక్కారు. అన్నయ్య పేరు చూడాలని ఉందేమో ఇద్దర్నీ విడివిడిగా అడగండి, ఎదురెదురుగా అడిగితే మళ్లీ గొడవే. వెళ్లే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి, కుటుంబాల కోసం ఏమైనా ఏర్పాట్లుంటే చెప్తారు.

అమ్మ తిండి, నిద్ర తగ్గిపోయి ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి, ఈలోపు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.