చీరకు కత్తెర పెట్టే ముందు నాకోసం ఆగు

బిడ్డా,

మా అమ్మ గద్వాల చీరని సంగీత్‌కి లెహంగాగా కుట్టిస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నిద్రలేదు. నీ ఈడు పిల్లలు పాత చీరంటే మొహం తిప్పుకుంటారు, నువ్వేమో అడిగి మరీ పట్టుకుపోయావు, అందుకు సంతోషమే.

ప్లాస్టిక్ కవర్లోంచి తీసి పాత పంచెలో చుట్టు. కలరా ఉండలు జరీకి తగలనీయకు. తడపకు, చీర ఒంట్లో నూలు ముడుచుకుంటుంది, అంచులో పట్టు అంతగా ముడుచుకోదు, అంచంతా ముడతలు పడిపోతుంది.

అమ్మ నాకు రెండు చీరలిచ్చింది, నీ దగ్గరున్నది రెండోది. మొదటిది అరటిపువ్వు రంగు, కోటకొమ్మ అంచు. 1986 ఎండాకాలం, మీ అమ్మ నా చంకలో ఉంది, వీధిలో 'పాత పట్టుచీరలకు స్టీలు సామాన్లు' అని కేక. మడతల దగ్గర చిరిగింది కదా, ఎవరు కడతారులే అనుకుని తెచ్చిచ్చా. వాడు కొంగు చివర ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి, మసి వేళ్లతో నలిపి, తెల్లగా మెరిసిన తీగని చూసి వెంటనే బిందె ఇచ్చేశాడు. బేరం కూడా ఆడలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా! తర్వాత తెలిసింది, చీర మొత్తం కాల్చి వెండి తీసుకుంటారట.

నెల తిరక్కుండా అమ్మ వచ్చింది. ఆ బిందెలో నీళ్లే ముంచి తాగింది. "బాగుందే, ఎక్కడ కొన్నావ్?" అంది. జాతరలో అన్నా. పోయేదాకా ఆ చీర సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. మీ అమ్మకీ తెలియదు, నువ్వు చెప్పకు.

అందుకే తిడుతున్నా అనుకో. గద్వాలలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీదే పోగు పోగూ పెనవేసి కలుపుతారు. పాతచీర మొదట వీడేది ఆ అతుకు దగ్గరే. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూడు, సందులు కనిపిస్తే లాగకు. అసలు కోయడమెందుకు? లంగా మీద కుచ్చులు పెట్టి కచ్చాకుట్టు వేయిస్తే లెహంగాలాగే ఉంటుంది, ఫంక్షన్ అయ్యాక విప్పేస్తే మళ్లీ చీరే. టైలర్ ఎంత తెలిసినవాడైనా చీర అక్కడ వదిలి రాకు తల్లీ.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నా, ఇద్దరం కలిసే పోదాం. జాకెట్టుకి సరిపోయే గుడ్డ నా పెట్టెలో ఉంది, తెస్తా.

మీ అమ్మమ్మ