ఆఫీసు గ్రూపులు రెండు నెలలకే ఎందుకు చల్లారిపోతున్నాయి?

మీరు పెట్టిన వాకింగ్ గ్రూపు, పుస్తకాల గ్రూపు మొదటి నెల సందడిగా నడిచి, ఇప్పుడు గుడ్ మార్నింగ్ ఫార్వర్డులకి దిగాయన్నారు కదా. మాకూ అదే జరిగింది.

నేను మాదాపూర్‌లో ఒక ఐటీ ఆఫీసులో పనిచేస్తాను. మా రక్తదాతల గ్రూపుని జూన్ 14న, రక్తదాతల దినోత్సవం నాడు, హెచ్ఆర్ వాళ్లు బెలూన్లు కట్టి, టీషర్టులు పంచి మొదలుపెట్టారు. ఒక్కరోజులో 120 మంది చేరారు. ఆగస్టులో డెంగీ ముదిరింది. మా టీంలో ఒకావిడ వాళ్ల నాన్నగారికి ప్లేట్‌లెట్లు కావాలని మెసేజ్ పెడితే దండాల బొమ్మలు వరసకట్టాయి. ఆస్పత్రికి కదిలింది ఒక్కడే. ముందురోజు ఆస్పిరిన్ వేసుకున్నాడని వాణ్ణి బ్లడ్ బ్యాంకులో వెనక్కి పంపేశారు.

అప్పుడు కూర్చుని ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాం. పేరు, బ్లడ్ గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, ఇల్లు ఎటువైపు. రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వాలంటే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. తేదీ రాసుకోకపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలీదు. నెలకి ఇద్దరికి డ్యూటీ. షీటు వాళ్లకే కనబడుతుంది. అవసరం పడితే గ్రూపులో అరవరు, నేరుగా ఫోన్ చేసి అడుగుతారు. పేరు పెట్టి పిలిస్తే మనవాళ్లు కాదనలేరండీ. పేషెంటు ఇంటికెళ్లాక ఆ సంగతి గ్రూపులో ఒక్క ముక్క రాస్తాం. అది చదివి తమ పేరు కూడా షీటులో ఎక్కించమన్నవాళ్లు టీషర్టు చూసి చేరినవాళ్లకంటే గట్టిగా నిలబడ్డారు.

అన్నిటికంటే కష్టమైంది సెలవు. మెషీన్ మీద ప్లేట్‌లెట్లు తీయడానికే గంటా గంటన్నర పడుతుంది, టెస్టులూ ట్రాఫిక్కూ కలిపితే పూట పోతుంది. టీషర్టులకి వెంటనే డబ్బులిచ్చిన కంపెనీ ఆ పూట సెలవుకి ఒప్పుకోవడానికి ఆరు నెలలు తిప్పింది.

నేను చేసిన తప్పు ఒకటుంది. మొదట్లో షీటు నా లాప్‌టాప్‌లోనే ఉండేది. పాప పుట్టి నేను సెలవు మీద వెళ్తే గ్రూపు కూడా నాతోపాటే పడుకుంది. నెలకో ఇద్దరు అన్న పద్ధతి ఆ తర్వాత వచ్చిందే.

మీ పుస్తకాల గ్రూపుకైతే క్యాంటీన్ పక్కన ఒక బీరువా, తీసుకున్నవాళ్లు రాసేందుకు ఒక నోటుబుక్కు పెట్టి చూడండి. తాళంచెవి మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి.