పాఠకుల ప్రశ్నలకు జవాబులు: అంటించి తీసేసే పికప్‌లు

ప్రశ్న: నా అకౌస్టిక్ గిటారుకు రంధ్రం పెట్టడం ఇష్టం లేక, అంటించి తీసేసుకునే పికప్ (వాద్యం కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) ఒకటి తెచ్చుకున్నాను. సౌండ్ మిక్సర్‌కు నేరుగా కలిపితే మంద్ర స్వరాలు పూర్తిగా పోయి, రేకు డబ్బా మీద వాయించినట్టు వినిపిస్తోంది. పికప్ మార్చాలా? అసలు దాన్ని ఎక్కడ, దేనితో అంటించాలి?

జవాబు: పికప్ మార్చే ముందు మీరు దాన్ని దేనికి కలిపారో చూడండి. మీరు చెప్పినదాన్ని బట్టి లోపం పికప్‌లో కాక మిక్సర్ ఇన్‌పుట్‌లో ఉండే అవకాశమే ఎక్కువ. ఇలాంటి పికప్‌లలో సాధారణంగా ఉండేది పలుచని ఇత్తడి రేకుకు అతికిన పీజో సెరామిక్ బిళ్ల. ఒత్తిడికి లోనైనప్పుడు కొన్ని స్ఫటికాలలో విద్యుత్తు పుడుతుందని జాక్, పియర్ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్న ధర్మమే దీనికి ఆధారం. విద్యుత్ పరంగా చూస్తే ఆ బిళ్ల ఒక చిన్న కెపాసిటర్, అంటే విద్యుదావేశాన్ని నిలవ ఉంచే భాగం. అందువల్ల ఇంపెడెన్స్ (విద్యుత్ సంకేతానికి ఎదురయ్యే అడ్డు) తక్కువగా ఉన్న ఇన్‌పుట్‌కు దాన్ని కలిపినప్పుడు, ఆ రెండూ కలిసి మంద్ర ధ్వనులను అడ్డుకునే ఫిల్టర్‌గా పనిచేస్తాయి.

ఉదాహరణకు 20 నానోఫారడ్‌ల బిళ్లను 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే, సుమారు 800 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా క్రమంగా బలహీనపడుతుంది. గిటారులో అన్నిటికన్నా లావు తీగ మామూలు శ్రుతిలో పలికేది 82 హెర్ట్జ్ దగ్గర కాబట్టి, మీకు ఎంత నష్టం జరుగుతోందో ఊహించవచ్చు. అదే బిళ్లను 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కు కలిపితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు, అంటే చెవికి అందని స్థాయికి దిగిపోతుంది. కనుక మిక్సర్‌లో వాద్యాల కోసం ప్రత్యేకంగా ఇచ్చిన హై-జెడ్ (ఇంపెడెన్స్ ఎక్కువగా ఉన్న) ఇన్‌పుట్ ఉంటే దాన్నే వాడండి. లేకపోతే ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 1 మెగాఓమ్‌కు తగ్గని ప్రీఆంప్‌ను (బలహీన సంకేతాన్ని పెంచే పరికరం) గానీ, యాక్టివ్ డీఐ బాక్స్‌ను (వాద్యం సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు మార్చే పెట్టె) గానీ మధ్యలో పెట్టండి. పికప్ నుంచి ప్రీఆంప్ వరకు వెళ్లే కేబుల్ పొట్టిగా ఉండాలి. అది పొడవైన కొద్దీ ధ్వని స్థాయి తగ్గుతుంది, కేబుల్ కదిలినప్పుడల్లా పుట్టే చప్పుడూ పెరుగుతుంది.

ఇక చోటు విషయం. అంటించే పికప్ తాను ఉన్న చోట చెక్క ఎలా కంపిస్తోందో అంతవరకే వినిపిస్తుంది, వాద్యం మొత్తాన్ని కాదు. బ్రిడ్జి (పై చెక్క మీద తీగలు ఆనే భాగం) దగ్గర తీగల ధాటి స్పష్టంగా పలుకుతుంది. బ్రిడ్జికి దూరంగా, పై చెక్క వెడల్పుగా, వదులుగా కంపించే చోట ధ్వని గుమ్మని మోగేలా మారి, ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ ధ్వనిని పికప్ మళ్లీ అందుకోవడంతో పుట్టే కూత) త్వరగా మొదలవుతుంది. అంచులకు చేరితే బలం తగ్గిపోతుంది. అందువల్ల బ్రిడ్జికి కాస్త వెనుక, లావు తీగల వైపు మొదలుపెట్టి, ఒకే తీగల వరుసను ఒకే బలంతో మీటుతూ, బొటనవేలి వెడల్పు చొప్పున జరుపుతూ ప్రతిచోటా రికార్డు చేసుకోండి. వాయిస్తూ వింటే గిటారు సహజ ధ్వని చెవిలో కలిసిపోయి తేడా సరిగా తెలియదు. తరువాత హెడ్‌ఫోన్స్‌లో వింటేనే నిర్ణయం నిలబడుతుంది. కొత్త పికప్‌కు డబ్బు పెట్టడం కన్నా ఒక సాయంత్రం ఈ వెతుకులాటకు కేటాయించడమే మేలని నా గట్టి అభిప్రాయం.

సౌండ్‌హోల్ (గిటారు పై చెక్కలోని గుండ్రని రంధ్రం) లోంచి చేయి పట్టేటట్లయితే, బ్రిడ్జికి సరిగ్గా కింద, లోపలి చెక్కకు అంటించడం అన్నిటికన్నా మంచి మార్గం. అక్కడ సాధారణంగా పాలిష్ ఉండదు కాబట్టి పాడయ్యేదీ ఉండదు. తీగల చివర ఉండే గుండ్లకు బిళ్ల తగలకుండా మాత్రం చూసుకోవాలి. అంటించడానికి పలుచని డబుల్ సైడ్ టేప్ గానీ, ఇలాంటి పికప్‌ల కోసమే అమ్మే పుట్టీ (అతుక్కునే మెత్తని ముద్ద) గానీ వాడవచ్చు. పుట్టీ మందంగా, మెత్తగా ఉన్న కొద్దీ పై స్థాయి ధ్వనులను మింగేస్తుంది కాబట్టి దాన్ని వీలైనంత పలుచగా నొక్కి, బిళ్ల అంతటా సమంగా ఆనేలా చేయండి. గాలి ఖాళీ మిగిలితే ధ్వని బోలుగా ఉంటుంది.

ప్రశ్న: పికప్ తీసేసినప్పుడు పాలిష్ లేచిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: భయం సమంజసమే. గట్టిపడిన పాలీయురెథేన్ పూత చాలావరకు తట్టుకుంటుంది. నైట్రోసెల్యులోజ్ లాకర్, లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ మాత్రం సున్నితమైనవి. వాటి మీద టేప్‌ను రోజుల తరబడి ఉంచకండి. వాయించడం అయిన వెంటనే తీసేయండి. తీసేటప్పుడు పైకి లాగకుండా, అంచు నుంచి పూతకు దాదాపు సమాంతరంగా, మెల్లగా వలవాలి. టేప్ గట్టిగా అతుక్కుని ఊడిరాకపోతే, చేతి వేడితో జిగురును కాస్త మెత్తబరచి, బిళ్ల కిందుగా పలుచని దారాన్ని రంపంలా అటూ ఇటూ ఆడించండి. వైరు పట్టుకుని లాగితే ముందు ఊడేది బిళ్ల మీది టంకమే. మరకలు తుడవడానికి స్పిరిట్ గానీ, అసిటోన్ గానీ వాడకండి: స్పిరిట్ లక్క పూతను, అసిటోన్ లాకర్‌ను కరిగిస్తాయి.

ప్రశ్న: ఇదే పికప్‌ను వయొలిన్‌కు పెట్టవచ్చా?

జవాబు: పై చెక్క మీది వార్నిష్‌కు అంటించవద్దు, పాత వయొలిన్ అయితే అసలే వద్దు. వార్నిష్ లేని బ్రిడ్జి ఉంది కాబట్టి, దాని పక్క చీలికలో ఇమిడే తేలికపాటి పికప్‌ను ఎంచుకోండి. బ్రిడ్జి మీద బరువు పెరిగితే ధ్వని అణగిపోతుంది. ధ్వనిని తగ్గించడానికి బ్రిడ్జికి తగిలించే మ్యూట్ పనిచేసేది ఆ సూత్రం మీదే. గిటారు కోసం చేసిన పెద్ద బిళ్ల, దాని కింద పుట్టీ ముద్ద కలిస్తే మీకు అక్కరలేని మ్యూట్ ఒకటి తయారవుతుంది. కేబుల్ బరువు బ్రిడ్జి మీద వేలాడకుండా, కేబుల్ గుచ్చే జాక్‌ను గడ్డం ఆనించే చిన్‌రెస్ట్ పక్కన కార్క్ ఉన్న బిగింపుతో నిలపండి. బిగించిన తరువాత బ్రిడ్జి నిటారుగా ఉందో లేదో పక్క నుంచి ఒకసారి చూసుకుని, అప్పుడే శ్రుతి చేయండి.